నూట పదహార్లు, ఎర్ర సిరా గుర్తులు

తెనాలిలోని మా పాత ఇంటిని అద్దెకు ఇవ్వాలని నిర్ణయించుకున్నాక, మొన్న వేసవిలో అటక ఖాళీ చేసే పని నా మీద పడింది. ఇత్తడి గంగాళం, మూతలు లేని ఊరగాయ జాడీలు, ఎందుకు దాచారో దాచినవారికైనా గుర్తుండని రెండు కిటికీ రెక్కలు దిగిన తరువాత, ఒక రేకు పెట్టె అడుగున పాత పంచె ముక్కలో చుట్టిన పొడుగాటి పద్దు పుస్తకం దొరికింది. అట్టకు నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీలో 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు', దాని కింద '1976 జ్యేష్ఠ మాసమున వివాహ సందర్భముగా వచ్చిన చదివింపులు' అని ముత్యాల్లాంటి దస్తూరి ఉన్నాయి. అది మా నాన్న పెళ్లి పుస్తకం. రాసినవారు తాతగారి ఊరి కరణంగారట. శిస్తు లెక్కలు రాసిన చేత్తోనే ఆయన బంధువుల అభిమానాన్ని కూడా పద్దుకు ఎక్కించారు. రెండింటికీ ఒకే రకం గీతలు, పేజీ అడుగున ఒకే రకం 'వెరసి' వాడారు.

ప్రతి పంక్తిలో మూడు సంగతులు ఉన్నాయి: పేరు, ఊరు, మొత్తం. నాలుగో సంగతి కరణంగారిది కాదు. చాలా పేర్ల పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు, దాని పక్కన ఒక సంవత్సరం, కొన్నిచోట్ల 'తీరింది' అనే మాట కనిపించాయి. మొదటి టిక్కులు తాతగారివి, తరువాతివి నాన్నవి. ఎవరు మన ఇంటి పెళ్లికి ఎంత చదివించారో చూసుకుని, వాళ్ళ ఇంటి పెళ్లికి తిరిగి చదివించినప్పుడల్లా వేసిన గుర్తులవి. దాదాపు యాభై ఏళ్ల పాటు ఇద్దరు మనుషులు శ్రద్ధగా నడిపిన ఆ లెక్కను చూసినప్పుడు, బ్యాంకులు తమ బాకీలను ఇంత ఓపికగా గుర్తుపెట్టుకుంటాయా అనిపించింది. బ్యాంకు కనీసం నోటీసు పంపుతుంది. ఇక్కడ శుభలేఖ వస్తుంది.

ఇప్పటి పిల్లలకు చదివింపు అంటే కవరు. నా చిన్నతనంలో అది అక్షరాలా చదవడమే. తాళి కట్టడం పూర్తయి, తలంబ్రాల సందడి సద్దుమణిగాక, పందిట్లో ఒక పెద్దమనిషి మైకు ముందు కూర్చుని 'ఫలానా ఊరి వాస్తవ్యులు, ఫలానా వారు, వధూవరులకు నూట పదహారు రూపాయలు చదివించారు' అని ఊరంతా వినేలా ప్రకటించేవాడు. మొత్తాన్ని బట్టి ఆయన గొంతు మారేది. ఐదు వందల పదహార్ల దగ్గర గుడిగంటలా మోగే ఆ కంఠం, ఐదు రూపాయల దగ్గరికి వచ్చేసరికి సన్నాయి చాటున దాక్కునేది. మా బంధువుల్లో ఒకాయన, తన పేరు చదివే క్షణంలోనే మైకు గరగరలాడిందని, మళ్ళీ చదివించాలని పట్టుబట్టి, రెండోసారి కూడా సరిగా వినబడలేదని భోజనం చేయకుండా అలిగి కూర్చున్నారు. ఆయన ఇచ్చినది యాభై ఒక్క రూపాయలు; ఆయనను బుజ్జగించి విస్తరి ముందు కూర్చోబెట్టడానికి పట్టినది గంటన్నర.

మన భాష ఈ విషయంలో చాలా నిజాయితీగా ఉంది. పెళ్లిలో కానుక 'ఇచ్చాను' అని ఎవరూ అనరు, 'చదివించాను' అంటారు. ఇచ్చినంత మాత్రాన పని పూర్తి కాదని, అది నలుగురి చెవినా పడాలని ఆ క్రియలోనే ఉంది. తెలంగాణ పల్లెల్లో దీనినే కట్నాలు రాయించడం అంటారు. అక్కడి మాట చెవిని వదిలి కాగితాన్ని పట్టుకుంది. పేరు ఏదైనా, కుడిచేత్తో ఇచ్చినది ఎడమచేతికి తెలియకూడదన్న సూక్తిని మనం గుడి హుండీకి మాత్రమే వర్తింపజేసుకున్నాం. అదీ చిన్న మొత్తాలకే సుమా. గుడికి ఒక ట్యూబులైటు ఇస్తే వెలుతురు సగం అడ్డుపడినా సరే, దాత పేరు దాని మీద ఉండి తీరుతుంది.

ఇక ఆ పదహారు సంగతి. నూరు కాకుండా నూట పదహారు, వెయ్యి కాకుండా వెయ్యిన్నూట పదహార్లు ఎందుకు అనేదానికి తరచుగా చెప్పే కథ హైదరాబాదు నాణేలది. నిజాం రాజ్యంలో చెలామణీ అయిన హాలీ సిక్కా రూపాయలు ఏడు ఇస్తే ఆరు ఆంగ్లేయ రూపాయలు వచ్చేవి. ఆ లెక్కన నూరు ఆంగ్లేయ రూపాయలకు నూట పదహారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు (అణాకు పన్నెండు పైలు) అవుతాయి. అంటే హైదరాబాదు రాజ్యంలో నూట పదహార్లు ఇస్తే బయట నూరు రూపాయలు ఇచ్చినట్లన్నమాట. కథ బాగుంది, పైగా ఆ పది అణాల ఎనిమిది పైలను మనవాళ్ళు గుట్టుచప్పుడు కాకుండా వదిలేయడం చూస్తే కథ మరింత నమ్మదగినదిగా కూడా అనిపిస్తుంది. కాని కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ళు తరతరాలుగా ఆంగ్లేయ రూపాయలనే వాడారు, వాళ్ళకు ఆ మారకంతో అవసరమేముంది? నాకు మా అమ్మమ్మ చెప్పిన కారణమే నచ్చుతుంది. సున్నాతో ముగిస్తే లెక్క అక్కడితో సరి అయిపోయినట్లు, కాస్త మిగిలితే మళ్ళీ రాకపోకలు ఉన్నట్లు అనేది ఆమె. ఆ కాస్త పదహారే ఎందుకు కావాలంటే, అప్పటి రూపాయికి పదహారు అణాలు గనుక అది నిండుతనానికి గుర్తు. 1957లో రూపాయిని నూరు నయాపైసలుగా మార్చి ప్రభుత్వం అణాలను సెలవు పుచ్చుకోమన్నా, పెళ్లి కవర్లు మాత్రం ఆ ఉత్తర్వును ఇంతవరకు అందుకోలేదు. కవరు మీద రూపాయి నాణెం అంటించి అమ్మడం మొదలయ్యాక ఆ పదహారు కూడా ఒకటికి కుదించుకుపోయింది. ఐదు వందల నోటు దొరికినంత సులువుగా పదిహేను రూపాయల చిల్లర దొరకదు కదా.

ఈ పుస్తకంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినవి తిరుగు చదివింపుల లెక్కలు. 1976లో పది గ్రాముల బంగారం ఐదు వందల రూపాయల లోపే దొరికేది. అంటే నాన్న పెళ్లికి నూట పదహార్లు చదివించినవారు రెండు గ్రాములకు పైగా బంగారం చేతిలో పెట్టినట్లు. అలాంటి ఒకరి ఇంట్లో 1991లో పెళ్లి జరిగితే తాతగారు తిరిగి నూట పదహార్లే చదివించి, ఎర్ర టిక్కు పెట్టి, 'తీరింది' అని రాసుకున్నారు. అప్పటికి పది గ్రాముల ధర మూడు వేలు దాటిపోయింది. ఆ డబ్బుకు అర గ్రాము కూడా రాదు. తాతగారు మోసగాడు కాదు, పైగా పొలం గట్టు దగ్గర బెత్తెడు నేల విషయంలో కూడా ధర్మం తప్పని మనిషి. ఆయన దృష్టిలో నూట పదహార్లు ఎప్పటికీ నూట పదహార్లే. విచిత్రం ఏమిటంటే, అదే తాతగారు మనకు రావలసిన వైపు మాత్రం రూపాయి విలువ పడిపోవడాన్ని చాలా స్పష్టంగా గమనించారు. 'ఇన్నేళ్ల తరువాత కూడా మళ్ళీ నూట పదహార్లే చదివించాడు, మనిషి మారలేదు' అని ఒక దగ్గరి బంధువు గురించి చివరి వరకు అంటూనే ఉన్నారు. ద్రవ్యోల్బణం మన జేబులోకి వచ్చే డబ్బుకు వర్తించినంత చురుకుగా మన జేబులోంచి పోయే డబ్బుకు వర్తించదు.

నాన్న తరం దీనికి ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. వాళ్ళు పెట్టినదాని కంటే కొంచెం ఎక్కువ పెట్టాలి, కాని వాళ్ళు చిన్నబుచ్చుకునేంత ఎక్కువ పెట్టకూడదు. ఈ 'కొంచెం' ఎంత అనేదానికి ఏ పంచాంగంలోనూ లెక్క లేదు గనుక, మా తరం దానిని కారులో తేల్చుకుంటోంది. పెళ్లికి బయలుదేరిన అన్నదమ్ములు, తోడికోడళ్ళు దారిలో ఒకరికొకరు ఫోన్లు చేసుకుని 'మీరెంత రాస్తున్నారు?' అని మెల్లగా వాకబు చేసి, చివరికి అందరూ ఒకే అంకె దగ్గర స్థిరపడతారు. కంపెనీలు ఇలా కూడబలుక్కుని ధర నిర్ణయిస్తే 2002 నాటి పోటీ చట్టం కింద జరిమానా పడుతుంది. బంధువులకు ఆ భయం లేదు. అంకెను మీరి ఒక వెయ్యి ఎక్కువ రాసిన మరిది మాత్రం ఇంటికి తిరిగి వచ్చేదాకా ఎవరితోనూ మాట కలపకుండా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చోవలసి ఉంటుంది. ఇటీవల నగరాల్లో ఇంకో కొలత వచ్చింది. కల్యాణ మండపాన్ని ఒకసారి పరికించి, ప్లేటు ఖరీదు ఎంత ఉంటుందో అంచనా వేసి, దానిని మనం తీసుకువెళ్ళిన తలలతో హెచ్చవేసి, ఆ మొత్తానికి తగ్గకుండా కవరులో పెట్టడం. మిరపకాయ బజ్జీలు వేసే కౌంటరు, ఐస్‌క్రీము మీద పాన్ చల్లే కౌంటరు కనిపిస్తే మగవాళ్ళు పక్కకు వెళ్ళి కవరు విప్పి మరో నోటు దూర్చడం నేను చూశాను.

వస్తువుల సంగతి ప్రత్యేకం. 1976 పుస్తకంలో స్టీలు వస్తువులే ఇరవై మూడు ఉన్నాయి. ఎవరు ఇచ్చారో అడుగున చుక్కలతో చెక్కించి మరీ ఇచ్చారు కాబట్టి యాభై ఏళ్ల తరువాత కూడా మా ఇంట్లో మంచినీళ్లు తాగినప్పుడల్లా గ్లాసు అడుగున ఎవరో ఒక మామయ్యను కలుసుకుంటాం. ఆ తరువాతి కాలం గోడ గడియారాలది. పెట్టె పెద్దది, ఖరీదు చిన్నది, ఫోటోలో నిండుగా పడుతుంది. ఇన్ని సుగుణాలు ఉన్న కానుక మరొకటి లేదు. మా అక్క పెళ్లికి తొమ్మిది గడియారాలు వచ్చాయి. రెండు గోడకు ఎక్కాయి, ఏడు బీరువా మీద వేచి ఉండి, తమ తమ ముహూర్తాలు రాగానే ఒక్కొక్కటిగా వేరే పెళ్లిళ్లకు తరలి వెళ్ళాయి. వాటిలో ఒకటి నాలుగేళ్ల తరువాత నా పెళ్లికి వచ్చింది. లోపలి అట్ట మీద మా అక్కాబావల పేర్లున్న చీటీ అలాగే ఉంది. ఈ రకం ప్రయాణంలో గడియారాన్ని మించినది జాకెట్టు ముక్క ఒక్కటే. పేరంటంలో పెట్టిన ముక్క మళ్ళీ పేరంటంలోనే పెట్టబడుతూ, ఎవరి ఒంటి మీదికీ రాకుండా, మడత నలగకుండా ఊరు చుట్టివస్తుంది. దానిని పొరపాటున కుట్టించుకున్నవారి వల్ల ఆ గొలుసు తెగిపోతుంది.

ఈ డబ్బు ఎవరిది అనే ప్రశ్నకు చట్టం ఒక రకంగా, ఇల్లు మరో రకంగా సమాధానం చెబుతాయి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం బంధువులు కానివారి నుంచి ఏడాదిలో యాభై వేలకు మించి కానుకగా వస్తే పన్ను పడుతుంది. పెళ్లి సందర్భంగా వధూవరులకు వచ్చిన కానుకలకు మాత్రం ఆ పరిమితి లేదు. మినహాయింపు పెళ్లి చేసుకున్నవారికే గాని పెళ్లి చేసినవారికి కాదు. ఇంట్లో న్యాయం ఇందుకు తలకిందులు. 'ముప్పై ఏళ్లుగా ఊరూరా తిరిగి చదివించినది నేను, ఇప్పుడు తిరిగి వచ్చినది నాకు కాక నీకెలా వస్తుంది?' అన్నది తండ్రి వాదన. పెళ్లి అయిన మర్నాడు గది తలుపులు వేసుకుని కవర్లు చించే కూటమిలో పెళ్లికొడుకు ఎప్పుడూ ఉండడు. ఆ నోట్లు షామియానా వారికి, వంటవారికి, సన్నాయి మేళానికి చేరే సమయానికి అతడు తిరుపతి బస్సులో ఉంటాడు.

చట్టం ప్రస్తావన వచ్చింది గనుక ఇంకొకటి చెప్పాలి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద 1985లో చేసిన నిబంధనల ప్రకారం పెళ్లిలో వధువుకు, వరుడికి వచ్చిన కానుకలకు వేర్వేరుగా జాబితాలు రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, చుట్టరికం అందులో ఉండాలి. ఇద్దరూ సంతకాలు చేయాలి. అడగకుండా వచ్చిన కానుకకు, అడిగి పుచ్చుకున్న కట్నానికి మధ్య గీత గీయడానికి పెట్టిన నిబంధన అది. మా కరణంగారు అంతకు తొమ్మిదేళ్ల ముందే పేరు, ఊరు, మొత్తం అన్నీ తు.చ. తప్పకుండా రాసిపెట్టారు. అయితే పుస్తకమంతా వెతికినా, ఆ పెళ్లికి ముందు మా అమ్మ తండ్రి అమ్మిన ఎకరం ముప్పావు మాగాణి సొమ్ము ఏ పేజీలోనూ లేదు. ఐదు రూపాయలు చదివించినవారిని పద్దుకు ఎక్కించిన పుస్తకం, అన్నిటికంటే పెద్ద మొత్తం దగ్గర మౌనం పాటించింది. మైకులో చదవనిది, పుస్తకంలో రాయనిది ఏదో తెలిస్తే ఆ పెళ్లి గురించి అసలు సంగతి తెలిసినట్లే.

2016 నవంబరు 8 రాత్రి పాత ఐదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు కార్తీక మాసపు ముహూర్తాలు నడుస్తున్నాయి. పెళ్లివారు బ్యాంకు నుంచి రెండున్నర లక్షల వరకు తీసుకోవచ్చని ప్రభుత్వం ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. ఆ నెలలో మా బంధువుల ఇంట ఒక పెళ్లికి వెళ్ళాను. మానవ స్వభావంలో ఔదార్యం ఎక్కడ దాగి ఉంటుందో అప్పుడు చూశాను. ఏనాడూ ఐదు వందలు దాటనివారు వెయ్యి నోట్లను రెండేసి, మూడేసి చొప్పున చిరునవ్వుతో చదివించారు. పెళ్లికూతురి మేనమామ ఏమాత్రం తొణకకుండా, ప్రతి మొత్తం పక్కన 'పా' అనో 'కొ' అనో ఒక్క అక్షరం రాసుకుంటూ పోయాడు. పాతవి, కొత్తవి అన్నమాట. పది నోట్లు తెచ్చిన ఒక పెద్దమనిషి, తన పేరు పక్కన పడిన 'పా' చూసి, అది పావలా అనుకుంటారేమోనని కొంచెం కంగారు పడ్డారు.

ఇప్పుడు శుభలేఖల మీద 'మీ ఆశీస్సులే మాకు కానుకలు' అని అచ్చు వేయిస్తున్నారు. పైకి ఎంతో సంస్కారవంతమైన ఈ వాక్యం, మా మేనత్తకు మాత్రం దివాలా ప్రకటనలా వినిపిస్తుంది. 'వాళ్ళు మన ముగ్గురు పిల్లల పెళ్లిళ్లకూ చదివించారు. ఇప్పుడు మేము పుచ్చుకోము అంటే మన బాకీ ఎలా తీరుతుంది? ఋణం ఉంచి చావమంటారా?' అన్నది ఆమె ఆవేదన. వాకిట్లో కవరు తీసుకోకపోతే వంటింటి గుమ్మం దగ్గర పెళ్లికూతురి తల్లి కొంగున కట్టేసి వచ్చే నేర్పు ఆమెది. మరికొందరు పందిరి గుంజకు క్యూఆర్ కోడ్ అంటిస్తున్నారు. కిరాణా కొట్టులో ఎంత జమ అయిందో పైకి చెప్పే చిన్న డబ్బాను కూడా పక్కన పెడితే, నా చిన్ననాటి మైకు తిరిగి వచ్చినట్లే. ఆ డబ్బాలో ఒక్కటే లోపం: ఐదు రూపాయలకూ ఐదు వేలకూ ఒకే గొంతుతో చెబుతుంది.

పుస్తకం అమ్మకు చూపించాను. టిక్కు లేని పేర్లు పదకొండు మిగిలాయి. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటి చదివింది. కొందరికి పిల్లలు లేరు, కొందరు ఊళ్లు విడిచి వెళ్ళారు. తాతగారి పొలంలో పనిచేసిన పాలేరు పేరిట ఐదు రూపాయలు ఉంది, టిక్కు లేదు. నేను ఏదో అనబోతుంటే, 'వాళ్ళ అమ్మాయి పెళ్లికి మీ తాతగారు రెండు బస్తాల బియ్యం పంపించారు. పుస్తకంలో రాస్తే ఐదుకీ రెండు బస్తాలకీ లెక్క కుదరదని రాయలేదు' అన్నది. చివరి పేజీలో రేపల్లెవారిది ఒక పాతిక రూపాయలు ఉంది. ఆ పేరు దగ్గర అమ్మ వేలు ఆగింది. ఆ ఇంటి మనవరాలి పెళ్లి శుభలేఖ అప్పటికి రెండు వారాలుగా మా టీవీ పక్కన పడి ఉంది. ఎవరో ఏమిటో తెలియక నేను పట్టించుకోలేదు.

ఐదు వేల నూట పదహార్లు పెట్టమన్నది. కవరు మీద నా పేరు రాయబోయాను. 'నీ పేరు కాదు, మీ నాన్నగారి పేరు రాయి' అన్నది. నాన్న పోయి రెండేళ్లు అయింది. ఆ మాటే మెల్లగా అన్నాను. 'తెలుసులే. ఆ పాతిక చదివించినది ఆయన పెళ్లికి. నీ పేరు పెడితే అది కొత్త లెక్క అవుతుంది, పాతది అలాగే ఉండిపోతుంది' అని, ఆ తరువాత కాసేపు ఆలోచించి, మరో కవరులో వెయ్యిన్నూట పదహార్లు పెట్టించింది. ఇది నాదట.

రేపల్లెలో మండపం ద్వారం దగ్గర బల్ల వేసుకుని ఒక కుర్రవాడు రాస్తున్నాడు. పుస్తకమే, కంప్యూటరు కాదు. మొదటి కవరు తీసుకుని నాన్న పేరు పైకి చదువుకుంటూ రాసి, 'వారు వచ్చారాండీ?' అని మర్యాదగా అడిగాడు. 'రాసుకో నాయనా' అన్నది అమ్మ. రెండో కవరు మీద నా పేరు రాసి, 'ఏ ఊరండీ?' అన్నాడు. ఇరవై ఏళ్లుగా నేను ఉంటున్నది హైదరాబాదులో, తెనాలి ఇల్లు అద్దెకు ఇచ్చి అప్పటికి నెల కాలేదు. నేను నోరు తెరిచేలోగా అమ్మ తెనాలి అని రాయించేసింది.